ఇంజను వేడెక్కేలోగా

మా ఆయన కొత్త పికప్ కొన్నది వానలు మొదలయ్యే ముందు. ఆ వానలు వెలిసేసరికి మా ఇంట్లో మనుషులు మాట్లాడుకునే పద్ధతే మారిపోయింది.

మాది ఆగిపోయిన బండ్లను లాగే పని. దారిలో చతికిలబడ్డ కార్లూ, గోతిలో దిగబడ్డ వ్యాన్లూ, కొండ రోడ్డు వాలు మీద బ్రేకులు పట్టేసి కదలని మినీ లారీలూ, ఎవరిది ఎక్కడ మొరాయించినా ఫోను మాకే వస్తుంది. ఆ ఫోను ఎత్తేది నేను. మామయ్యకి చెవులు సరిగా వినిపించవు కాబట్టి ఆ పని నా మీద పడింది. పిల్లలతో, ఆడవాళ్ళతో వచ్చే కార్లు కూడా ఉంటాయి కదా, వాళ్ళకి ధైర్యంగా ఉంటుందని తర్వాత్తర్వాత బండెక్కి వెళ్ళడం కూడా అలవాటైంది.

మామయ్య బండి పాత డీజిల్ పికప్. అది స్టార్టయితే మా వంటింట్లో స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి తోసుకునేవి. రోజూ పొద్దున్నే వాకిట్లో దాన్ని స్టార్ట్ చేసి, ఇంజను వేడెక్కేదాకా స్టీరింగు ముందు కూర్చుని ఉండేవారు. ఆ కాసేపూ పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకునేవారు. మా ఇంట్లో ఎవరి మాట ఎవరికీ వినపడేది కాదు. ఎవరైనా మొహమాటంగా ఓ మాటంటే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"చప్పుడు చేసే బండే నమ్మకమైన బండి. ఎక్కడ నొప్పి పుట్టినా ముందే అరిచి చెబుతుంది. ఎప్పుడైనా దారిలో నన్ను వదిలేసిందా, చెప్పండి?"

వదిలేయలేదు. ఆ మాట నిజమే. ఆయన చెవుల్ని తినేసింది కూడా ఆ బండే. అది మాత్రం ఒప్పుకునేవారు కాదు. "మీరంతా నోట్లో నోట్లో గొణుక్కుంటే ఎలా వినపడుతుంది?" అనేవారు.

మామయ్య ఎవరినీ చెయ్యెత్తి కొట్టేవారు కాదు. ఆ అవసరం ఉండేది కాదు. అన్నం వడ్డిస్తున్న మనిషి వంక ఒక్కసారి చూసి కంచం పక్కకి జరిపితే చాలు, ఆ పూట అత్తయ్య కూడా తినేది కాదు. మా ఆయనైతే నోట్లో నాలుక లేని మనిషి. తండ్రి ముందు భుజాలు కూడా చిన్నవైపోయేవి.

అలాంటి మనిషి తనంతట తాను వెళ్ళి కొత్త పికప్ కొనుక్కొచ్చాడు.

దాన్ని చూడటానికి వీధిలో సగంమంది మా వాకిట్లోకి వచ్చారు. మాకు ఎప్పుడూ పని చేసే మెకానిక్ కూడా వచ్చాడు. మామయ్య చేతులు వెనక్కి కట్టుకుని బండి చుట్టూ తిరిగారు. టైరు తట్టారు. వెనక హుక్కు పట్టుకుని ఊపి చూశారు. తర్వాత బానెట్ మీద చెయ్యి వేసి అన్నారు.

"అందం బాగానే ఉంది. ఏదీ, స్టార్ట్ చెయ్యి, చూద్దాం."

మెకానిక్ తల దించుకున్నాడు.

"స్టార్టయ్యే ఉంది నాన్నా," అన్నాడు మా ఆయన.

"ఆఁ?"

"ఆన్‌లోనే ఉంది! ఇందాకట్నించీ!"

వీధిలో ఎవరో కిసుక్కుమన్నారు. అది అంటుకుని అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. మామయ్య బానెట్ మీది చేతిని వెనక్కి తీసుకుని దాని వంక చూసుకున్నారు. లోపలికి వెళ్ళిపోయారు. ఆయన నడకలో కోపం ఏమీ కనిపించలేదు. అందుకే అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కొత్త బండి మొదట్లో బాగానే లాగింది. లోపల కూర్చుంటే మనం మాట్లాడుకున్నది మనకి వినపడేది. మా ఆయన దారంతా కబుర్లు చెప్పేవాడు. పెళ్ళయ్యాక అతనిన్ని మాటలు ఆడగలడని నాకు తెలియడం అదే మొదలు.

ఓ రోజు కొండ రోడ్డు మలుపులో సిమెంటు బస్తాల వ్యాను ఒకటి పక్కకి జారిందని ఫోను వచ్చింది. ఇద్దరం వెళ్ళాం. వాన సన్నగా పడుతోంది. గొలుసు తగిలించి, మా ఆయన నెమ్మదిగా లాగడం మొదలెట్టాడు. వ్యాను ఓ మూరెడు కదిలిందో లేదో, మా ముందు డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ఒకటి వెలిగింది. తర్వాత ఇంకొకటి. తర్వాత అన్నీ ఆరిపోయాయి. బండి ఉలుకూ పలుకూ లేకుండా నిలబడిపోయింది. తాళం తిప్పితే టిక్కుమని కూడా అనలేదు. వ్యాను యజమాని వానలో నిలబడి, "లాగడానికి వచ్చినవాణ్ణి లాగడానికి ఎవరిని పిలవాలయ్యా?" అని అరిచాడు.

పిలవాల్సినవాళ్ళు ఒక్కరే ఉన్నారు. ఆయనకి ఫోను వినపడదు కాబట్టి అత్తయ్యకి చేసి చెప్పాను.

ఆ పాత బండి కొండెక్కుతున్న చప్పుడు చాలాసేపు ముందే వినిపించింది. మామయ్య వచ్చి ముందు వ్యానును లాగారు. తర్వాత మా బండి ముందు హుక్కుకి గొలుసు తానే తగిలించారు. మా ఆయన దగ్గరికి వెళ్ళి, "బజారులోంచి వద్దు నాన్నా. గోదాముల వెనక దారిన పోదాం," అన్నాడు. గట్టిగా అనలేదు, వ్యాను యజమాని వింటాడని. మామయ్య అతని ముఖంలోకి చూసి, సరే అన్నట్టు తల ఊపారు.

కొండ దిగాక, గోదాముల దారి దగ్గర ఆయన బండి తిప్పలేదు. తిన్నగా బజారులోకి పోనిచ్చారు.

ఇంజను ఆగిన బండికి బ్రేకు రాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగు తిప్పాలంటే భుజాలు ఊడొస్తాయి. మా ఆయన పళ్ళు బిగించి, ముందు బండి వెనక తలుపునే చూస్తూ నడుపుతున్నాడు. మామయ్య నడక వేగంతో పోతున్నారు. ఊరికే ఆక్సిలరేటర్ తొక్కి వదులుతున్నారు, చప్పుడు కోసం. హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. దుకాణాల్లోంచి జనం బయటికి వచ్చారు.

"అద్దం పైకెత్తు," అన్నాడు మా ఆయన.

బటన్ నొక్కాను. బండిలో కరెంటు లేదు. అద్దం లేవలేదు.

టీ బంకు ముందు మామయ్య ఆపారు. దిగి, టీ తీసుకుని, మా బండికి ఆనుకుని నిలబడి నింపాదిగా తాగారు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పారు.

"కొత్త బండి. మా వాడిది. చప్పుడుండదు. కదలికా ఉండదు."

"రోడ్డు మీద బండి అన్నాక అందరికీ జరిగేదే కదండీ," అన్నాడు టీ బంకతను గట్టిగా, జాలిపడి.

"అందరికీ కాదు. నాకు జరగలేదు."

గ్లాసు ఇచ్చేసి, బండెక్కి, బజారు చివరిదాకా వెళ్ళి, ఏదో మర్చిపోయినట్టు మళ్ళీ వెనక్కి తిప్పి ఆ బజారులోంచే తీసుకొచ్చారు. రెండోసారి వస్తుంటే పిల్లలు కూడా పరిగెత్తుకొచ్చి మా వెంట పడ్డారు. మా ఆయన ముఖంలో కత్తివాటుకి నెత్తుటి చుక్క లేదు. ఇంటికొచ్చాక గొలుసు విప్పి, కడిగి, దాని చోట దాన్ని తగిలించి, చేతులు తుడుచుకున్నాడు. ఆ రోజు భోజనానికి కూడా వచ్చాడు.

కొత్త బండిని కంపెనీ షెడ్డుకి తీసుకుపోయారు. ఏదో సెన్సరు రావాలట. రేపూ ఎల్లుండీ అంటూ వాన మీద వాన పడింది కానీ సెన్సరు రాలేదు. మా ఆయన మళ్ళీ పాత బండెక్కాడు. మామయ్య స్టీరింగు దగ్గర, మధ్యలో అతను, తలుపు పక్కన నేను.

అలా ఎక్కిన మొదటి రోజే, కొండ రోడ్డు మీద, ఇంజను గొంతు చించుకుంటుండగా, మా ఆయన తండ్రి వైపు తిరిగాడు. ముఖం నిండా నవ్వు పెట్టుకున్నాడు. ఎప్పుడూ నాన్నా, నువ్వు అనేవాడు, ఆ రోజు గారు కలిపాడు.

"నాన్నగారూ, మీరు ఎప్పుడు పోతారండీ?"

నేను తప్పు విన్నాననుకున్నాను. మామయ్య అతని వంక చూసి "ఆఁ?" అన్నారు.

"మీరు పోయాక ఈ బండిని తుక్కు కింద అమ్మేస్తాను. అమ్మిన రోజు మీ కోడల్ని సినిమాకి తీసుకెళ్తాను. మీరేమీ అనుకోరుగా?"

"ఆఁ, ఆఁ," అని మామయ్య రోడ్డు వైపు తిరిగారు. "వాన పెరిగేలా ఉంది."

నేను మా ఆయన చెయ్యి గిల్లాను. "ఊరుకో, వినపడదులే," అన్నాడు. ఆ నవ్వు అలాగే ఉంది.

అప్పట్నించి అది రోజూ సాగింది. కాఫీ తాగారా అని అడిగినంత మర్యాదగా అతను తండ్రిని అనరాని మాటలు అనేవాడు. వెనక లాగిస్తున్న కారు తాలూకు మనిషి ఎవరైనా మాతో పాటు ఎక్కితే వాళ్ళు ముందు నోరెళ్ళబెట్టేవారు, తర్వాత తల పక్కకి తిప్పుకుని నవ్వేవారు. మామయ్య తన వంతు తాను చేస్తూనే ఉన్నారు. హుక్కు తగిలించడానికి కొడుకుని బురదలో వెల్లకిలా పడుకోబెట్టి, పైన నిలబడి, "దాన్ని కూడా సెన్సరే చూసుకుంటుందనుకున్నావా?" అనేవారు. కారు వాళ్ళు దానికీ నవ్వేవారు. ఏ మాటకి ఎవరు నవ్వుతున్నారో నాకు తెలియకుండా పోయింది.

ఓ పొద్దున ఇంజను వేడెక్కుతోంది. మా ఆయన కిటికీ దగ్గర నిలబడి, తండ్రితో అలాగే మాట్లాడుతున్నాడు. అత్తయ్య అరుగు మీద తడిసిన గోనెపట్టాలు దులుపుతూ ఆగిపోయింది. నా దగ్గరికి వచ్చి చెవిలో అడిగింది.

"ఏమంటున్నాడే వాడు?"

నేను చెప్పలేదు. ఆమె రెండడుగులు ముందుకు వేసి తనే విన్నది. కొడుకు చెంప పగలగొడుతుందనుకున్నాను. వెనక్కి వచ్చి పట్టా మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"కొన్నాళ్ళుగా అత్తయ్యా."

"ఆయనకి నిజంగా వినపడటం లేదా?"

"బండి స్టార్టయితే అసలు వినపడదు."

"ఊఁ," అంది. పట్టా దులిపింది.

మర్నాడు టీ నేను తీసుకెళ్తుంటే గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది. బండి కిటికీ దగ్గరికి వెళ్ళి, గ్లాసు అందించి, అక్కడే నిలబడింది. గుమ్మంలో ఉన్న నాకు మొదటి రోజు సగం సగమే వినిపించింది.

"మా నాన్న పోయిన రోజు బండి ఖాళీ లేదన్నారు. ఇక్కడే ఉంది బండి. ఈ వాకిట్లోనే. నేను బస్సులు మారి వెళ్ళేసరికి అంతా అయిపోయింది."

మామయ్య ఓ గుక్క తాగి, ఆమె ముఖం చూసి, "ఆఁ, పంచదార సరిపోయింది," అన్నారు.

ఇక పొద్దుటి టీ నాకు వదల్లేదు అత్తయ్య. రోజుకొక్కటే చెప్పేది. తొందర లేదు. "పెళ్ళయిన కొత్తలో నా గొంతు బొంగురుగా ఉంటుందన్నారు. ఆ తర్వాత నేను ఎప్పుడూ పాడలేదు." "మీరు రాత్రికి రారని తెలిసిన రోజున నాకు హాయిగా నిద్ర పడుతుంది." "మీ అన్నగారు మీకంటే మంచివాడు. ముందు నన్ను చూడటానికి వచ్చింది ఆయనే." ఆమె నెమ్మదిగా చెప్పేది, మాట పోనివ్వకుండా. ఆయన తల ఊపుతూ టీ తాగేవారు. ఖాళీ గ్లాసు పట్టుకుని లోపలికి వచ్చేటప్పుడు ఆమె ముఖం కడుక్కున్నట్టు ఉండేది. ఒంటి మీదికి కాస్త కండ కూడా వచ్చింది. ఓ రోజు గిన్నెలు తోముతూ ఏదో కూనిరాగం తీసింది. ఆ గొంతు నిజంగానే బొంగురు. వినడానికి మాత్రం బాగుంది.

వానలు ముదిరాక ఓ మధ్యాహ్నం నేనూ మామయ్యా మాత్రమే వెళ్ళాం. వంతెన దగ్గర చెట్టు కూలి బండ్లన్నీ ఆగిపోయాయి. మా ఇంజను రొదపెడుతోంది. రోడ్డుకి అవతల పక్క పోలీసు జీపు, అద్దాలు మూసి ఉన్నాయి. లోపల ఇద్దరు కానిస్టేబుళ్ళు ఏదో మాట్లాడుకుంటున్నారు. మామయ్య వాళ్ళ వంక చూస్తూ చూస్తూ ముక్కుతో నవ్వారు.

"ఏంటి మామయ్యా?" అని అరిచాను.

"ఆ లావుపాటివాడు భార్య పుట్టింటికి పోయిందని ఏడుస్తున్నాడు. రెండోవాడు, పోతే పోయింది, రాత్రికి మా ఇంటికొచ్చెయ్ అంటున్నాడు."

నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. జీపు అద్దాలు మూసి ఉన్నాయి. మధ్యలో వాన.

మామయ్య నా వంక తిరిగారు. దాచుకునే ప్రయత్నమేమీ చెయ్యలేదు.

"చెవులు పోయినప్పట్నించీ అంతే," అన్నారు. "ముఖం కనిపిస్తే చాలు."

నేను మళ్ళీ జీపు వంక చూశాను. ఆయనే అన్నారు.

"మావాడివి పాతబడిపోయాయి. తిప్పి తిప్పి అదే అంటున్నాడు, తుక్కు, సినిమా. మీ అత్తయ్యవి బాగుంటున్నాయి." గేరు మార్చారు. ముందున్న బండ్లు కదులుతున్నాయి. "ఆవిడకి చెప్పకు అమ్మాయ్. ఇంకా ఏమేం దాచుకుందో చూద్దాం."

ఇంటికి రాగానే మా ఆయన్ని పెరట్లోకి లాక్కెళ్ళి చెప్పాను. మీ నాన్నకి అంతా తెలుసు, పెదాలు చూసి మాటలు పట్టేస్తున్నారు, మొదటి రోజు నుంచీ ప్రతి మాటా విన్నట్టే లెక్క అని చెప్పాను. అతను బనీను పిండి తీగ మీద ఆరేశాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఆ బజారు ఊరేగింపు అయ్యాక పరీక్షించి చూశాను. ముందు నుంచీ అనుమానమే. గొంతు లేకుండా ఊరికే పెదాలు కదిపాను, టీ తాగుదామా నాన్నా అని. గ్లాసు తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడు." బనీను ముడతలు సాగదీశాడు. "వినపడనివాణ్ణి అని ఏం లాభం?"

పెళ్ళయిన ఇన్నాళ్ళలో అతని పక్కన నడుం వాల్చడానికి నాకు భయం వేసింది అప్పుడే. కొత్త బండిలో దారంతా కబుర్లు చెప్పిన మనిషి ఇతనేనా అని పోల్చుకోవాలని చూశాను. అదే ముఖం. భుజాలు మాత్రం ఇప్పుడు తండ్రివిలా ఉన్నాయి.

"మరి అత్తయ్యకి?" అన్నాను.

"అమ్మకి తెలియదు. చెప్పకు. సంతోషంగా ఉంది కదా."

తండ్రీ కొడుకులు ఇద్దరూ ఒకే మాట అన్నారు. అందుకే చెప్పాలనిపించింది.

అత్తయ్య బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని చెప్పాను. జీపు సంగతి, అద్దాల సంగతి, "ఇంకా ఏమేం దాచుకుందో" అన్న మాట కూడా. కొడుక్కి తెలుసన్నది మాత్రం చెప్పలేకపోయాను. ఆమె ఏరుతూనే ఉంది. రాయి దొరికితే పక్కన పెడుతోంది. అంతా విని అడిగింది.

"మీ పెదమామగారి సంగతి చెప్పిన రోజు, పంచదార ఎక్కువైందన్నారు. జ్ఞాపకం ఉందా?"

"ఉంది."

"ఆ రోజు నేను పంచదార వెయ్యనే లేదు," అంది. చేట తీసుకుని లేచింది.

మర్నాడు టీకి వెళ్ళదనుకున్నాను. వెళ్ళింది. నేను గేటు తియ్యడానికి ముందు నడిచాను. ఇంజను గుమ్మాన్ని ఊపేస్తోంది. ఆమె గ్లాసు అందించి, చేతులు కట్టుకుని నిలబడింది, పెదవి విప్పకుండా. మామయ్య ఓ గుక్క తాగారు. ఇంకో గుక్క తాగారు. గ్లాసు అంచు మీంచి ఆమె ముఖాన్నే చూస్తున్నారు. సగం గ్లాసు అయిపోయాక, తనకి వినపడదు కాబట్టి ఊరంతా వినేలా అడిగారు.

"ఏం, ఇవాళ ఏమీ లేదా?"

అత్తయ్య ఆయన వైపు వీపు తిప్పింది. ఎదురుగా గేటు దగ్గర నేనున్నాను. నన్ను చూస్తూ మొదలుపెట్టింది.

"గ్యాస్ అయిపోయింది. ఆ అబ్బాయికి ఫోన్ చెయ్యి. పెరట్లో దండెం తెగేలా ఉంది, కొత్త తాడు కావాలి. పెద్ద బకెట్ కారుతోంది. వంటింట్లో మూల చెమ్మ వస్తోంది, మేస్త్రీని పిలవాలి."

అంతే. అలాంటివే. కానీ ఆమె వాటిని ఎంత బాధగా చెప్పిందంటే భుజాలు ఎగిరెగిరి పడ్డాయి, తల ఊగింది, ఓ చోట చెయ్యి గుండె మీద పెట్టుకుంది.

"ఇటు తిరుగు," అన్నారు మామయ్య.

"సబ్బు కూడా లేదు."

"ఏమే! ఇటు తిరిగి చెప్పు!"

గ్లాసు చేతిలోంచి జారింది. ఆయన తలుపు తీసుకుని దిగి, బండి చుట్టూ తిరిగి ఆమె ముందుకి వచ్చారు. ఆమె అప్పటికి ఇంటి వైపు తిరిగింది. ఆయన మళ్ళీ వచ్చారు. ఆమె మళ్ళీ తిరిగింది. వానలో ఆ వాకిట్లో ఇద్దరూ అలా తిరుగుతుంటే చూడటానికి ఆటలా ఉంది. ఆమె పెదాలు ఆగలేదు. చివరికి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

వానలు కాస్త తెరిపి ఇచ్చాక మా ఆయన కొత్త బండి వచ్చేసింది. అతను దానిమీద తన పని తాను చూసుకుంటున్నాడు, నేను పాత బండిలోనే వెళ్తున్నాను. దారిలో కబుర్లు చెబుతాడట, కారు వాళ్ళు చెప్పారు. పాత బండి ఆ తర్వాత కూడా ఒక్కసారీ ఆగలేదు. అత్తయ్య మాత్రం ఆయనకి ముఖం చూపించి మాట్లాడటం మానేసింది. వడ్డించేటప్పుడు మూతికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. పొద్దున్నే బండి పక్కకి వచ్చి, వీపు పెట్టి, ఇంటికి కావలసినవి చెప్పి వెళ్తుంది.

బండి వీధి దాటగానే మామయ్య నన్ను అడుగుతారు. రోజూ అడుగుతారు.

"ఏమంది?"

"చీపురు కావాలట మామయ్యా."

"అబద్ధం చెప్పకు. మా అన్న సంగతేనా?"

"కాదు."

"వాళ్ళ నాన్న సంగతా?"

"కాదు మామయ్యా. చీపురూ, బల్బూ."

ఆయన స్టీరింగు పట్టుకుని ఆలోచిస్తారు. ఆమె ఎప్పుడూ అనని సంగతులు ఒక్కొక్కటీ ఆయనే బయటికి తీస్తారు. ఆసుపత్రి దగ్గర తనని వదిలేసి వచ్చానని అందా? ఆ గాజుల సంగతి అందా? కాదంటే నమ్మరు. మనిషి బాగా చిక్కిపోయారు.

వానాకాలం చివరి రోజుల్లో, కొండ రోడ్డు ఎక్కుతుండగా, ఆయన బండి పక్కకి తీసి ఆపారు. నేను వచ్చాక ఆ బండి కొండ ఎక్కుతూ ఆగడం అదే మొదటిసారి, అదీ ఆయన ఆపితే. నా ముఖంలోకి చూడటానికి పూర్తిగా ఇటు తిరిగి కూర్చున్నారు.

"నిజం చెప్పు అమ్మాయ్. ఇవాళ మొదటి పాప సంగతి చెప్పిందా?"

ఆ ఇంట్లో మొదటి పాప ఒకతి ఉండేదని నాకు అప్పటిదాకా తెలియదు.

"కాదు మామయ్యా," అన్నాను, ఒక్కో మాటా ఆయనకి కనపడేలా. "గ్యాస్ అయిపోయిందట."